ఆర్నీ బాబాయ్ రైఫిల్

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం లోర్నా కస్కి నలభై మూడో ఏట నేర్చుకుంది. నేర్పింది డెల్ఫీన్ రో. వింటే నవ్వొస్తుంది గానీ, పదహారేళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసిన మనిషికి అది చిన్న శిక్ష కాదు. ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగితే చాలు, ఆ చేతులు వాటంతట అవే లేచి మంచినీళ్ళ గ్లాసు కోసమో టిష్యూ డబ్బా కోసమో వెళ్ళిపోతాయి.

"ఆ టిష్యూ కాగితం ఎందుకిచ్చావ్ ఆవిడకి?" అని మొదటి వారంలోనే అడిగింది డెల్ఫీన్, రోగి బయటికి వెళ్ళాక.

"ఏడుస్తోంది కదండీ."

"ఏడవనీ. నువ్వు కాగితం చేతిలో పెట్టావంటే ఇక చాలు, ఆపమ్మా అని చెప్పినట్టే. ఆవిడ ఆపేసింది. ఏం చెప్పబోయిందో మనకి ఇక తెలీదు. రేపటినుంచి చేతులు తొడల కింద పెట్టుకో."

మా వైపు మనసుకి జబ్బు చేస్తే చూసే డాక్టరు నూట ఎనభై మైళ్ళ అవతల ఉన్నాడు. ఆయన దగ్గర వంతు రావాలంటే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఓపిక పట్టగలిగినవాడికి డాక్టరు అక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి. మిషిగన్ మొత్తానికీ ఉన్న మంచంతా మా నెత్తినే కురుస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మనుషులు ఇళ్ళలో మగ్గిపోతారు, ఏడాదికి ఇద్దరో ముగ్గురో వసంతం చూడకుండానే తమ చేతులారా ప్రాణం తీసుకుంటారు. వాళ్ళని వార్డులో చివరి గంటల్లో చూసీ చూసీ విసిగిపోయి లోర్నా మళ్ళీ చదువుకి కూర్చుంది. మనసు జబ్బుల్ని తనే పరీక్షించి, తనే మందు రాసే నర్సు కావాలంటే ఇంకో మూడేళ్ళు చదవాలి. పాఠాలన్నీ వంటింటి బల్ల మీద, కంప్యూటర్లో అయిపోయాయి. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆరు వందల గంటలు అనుభవమున్న మనిషి పక్కన కూర్చుని రోగుల్ని చూడాలి. ఆ మనిషిని వెతుక్కునే తలనొప్పి మాత్రం కాలేజీది కాదు, నీదే. లోర్నా ముప్ఫై ఒక్కమందికి రాసింది. ఇరవైమంది జవాబే ఇవ్వలేదు, పదిమంది కుదరదన్నారు. మిగిలింది డెల్ఫీన్, మా ఊరి క్లినిక్‌లో ఆ పని చేస్తున్న ఒకే ఒక్క నర్సు. "సోమవారం రా. కాఫీ నువ్వే తెచ్చుకో," అని ఆమె రెండు ముక్కలు రాసింది.

డెల్ఫీన్‌కి అరవై దాటాయి. సన్నగా, కర్రలా ఉంటుంది, మాట కూడా అంతే. మా వైపుని మిగతా మిషిగన్‌తో కలిపే పెద్ద వంతెనకి అవతలివైపు పుట్టి, పన్నెండేళ్ళ క్రితం మా ఊరికొచ్చింది. పన్నెండేళ్ళేమిటి, నలభై ఏళ్ళున్నా వంతెన అవతల పుట్టినవాళ్ళు మా లెక్కలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసి కూడా ఎవరి దగ్గరా మెహర్బానీకి పోలేదు. చావు గురించి అడగాల్సి వస్తే చావు అనే అడుగుతుంది. లోర్నా మొదట్లో "మీకేమైనా అలాంటి ఆలోచనలు..." అని నీళ్ళు నమిలేది.

"ఎలాంటి ఆలోచనలు? పెళ్ళి ఆలోచనలా?" అని డెల్ఫీన్ చురకేసింది ఒకసారి. "నీకు దయ ఎక్కువని అందరూ అంటారు. దయ కాదది, మొహమాటం. దయ రోగి కోసం. మొహమాటం మనకోసం. రెండూ కలిపేసుకోకు."

లోర్నాకి ఆ రోజు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళేదాకా కారులో ఒక్కతే ఆవిణ్ణి తిట్టుకుంది. కానీ వారం తిరిగేసరికి అడగడం నేర్చుకుంది.

అక్టోబరు ఇరవయ్యో తారీఖున, పదిగంటల వంతుకి ఆర్నీ సాలో వచ్చాడు.

"తెలిసినవాడా?" అంది డెల్ఫీన్, జాబితాలో పేరు చూసి లోర్నా మొహం మారడం గమనించి.

"ఈ కౌంటీలో నాకు తెలియనివి జింకలొక్కటేనండీ. మా నాన్న స్నేహితుడు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి."

"అయితే నువ్వు బయట కూర్చో. ఈయన్ని నేను చూస్తా."

పద్ధతి ప్రకారం అదే సరైనది. కానీ ఆర్నీ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆరడుగుల మనిషి, కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. వేసుకున్న కోటు ఇప్పుడు వేరేవాడిది అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. "ఆ అమ్మాయి ఉంటే మాట్లాడతా. లేకపోతే ఇంటికి పోతా," అన్నాడు. డెల్ఫీన్ ఒక్క క్షణం ఆలోచించి, సరే కూర్చోమని లోర్నాకి కళ్ళతోనే చెప్పింది.

ఆయన భార్య హిల్కా మే నెలలో పోయింది. అప్పటినుంచీ ఇంట్లో సౌనా, అదే ఆవిరిస్నానపు గది పొయ్యి, వెలిగించలేదు. వంట మానేశాడు. నల్లకుక్క ముస్తికి మాత్రం వేళకి తిండి పెట్టి, దాని గిన్నెలో మిగిలింది చూసి తనకీ ఆకలేస్తోందేమోనని ఆలోచిస్తాడట. ఇదంతా చెప్పడానికి ఆయనకి అరగంట పట్టింది. లోర్నా చేతులు తొడల కింద తిమ్మిరెక్కిపోయాయి.

"బాబాయ్, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగింది. నీళ్ళు నమలకుండా అడిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఆయన కిటికీవైపు మొహం తిప్పుకున్నాడు. "ఎప్పుడు అనిపించడం లేదో అడుగమ్మాయ్," అన్నాడు.

"ఇంట్లో తుపాకులున్నాయా?"

ఆ మాటకి ఆర్నీ ఫక్కున నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వింది అదొక్కసారే. "ఇదేం ప్రశ్నే? మీ ఇంట్లో లేవూ?"

"ఉన్నాయి. మీ ఇంట్లో ఎన్ని?"

"మూడు."

డెల్ఫీన్ ముందుకి వంగింది. "సాలో గారూ, ఆ మూడూ ఇవాళే ఇల్లు దాటాలి. మందు రాస్తున్నా, పని చేస్తుంది. కానీ ఒక సంగతి దాచకుండా చెప్తా వినండి. ఈ మందుకి ముందు కాళ్ళు లేస్తాయి, తర్వాత మనసు లేస్తుంది. ఒంట్లో ఓపిక వచ్చి, బతకాలన్న కోరిక ఇంకా రాని వారాలు కొన్ని ఉంటాయి. అవే ప్రమాదం. అప్పుడు తుపాకీ మీ ఇంట్లో ఉండకూడదు. ఎవరి దగ్గర పెడతారు?"

"వెస్ దగ్గర. ఇంకెవరున్నారు నాకు."

వెస్ అంటే లోర్నా అన్నయ్య. ఆయనా ఆర్నీ ముప్ఫై ఏళ్ళుగా ఒకే వేట క్యాంపు. అడవిలో చెక్క గుడిసె, ఆరు మంచాలు, ఒక పొయ్యి. లోర్నాకి ప్రాణం కుదుటపడింది. వెస్ ఇనుప బీరువాకి తాళం వేశాడంటే దేవుడొచ్చినా తియ్యడు.

సరిగ్గా అప్పుడు డెల్ఫీన్‌కి మందుల షాపునుంచి ఫోనొచ్చింది. "కాగితం నువ్వు పూర్తి చెయ్యి," అని లోర్నాకి చెప్పి బయటికి వెళ్ళింది. ఆ కాగితం మీద ఆర్నీ సంతకం పెడితే క్లినిక్ వాళ్ళు వెస్‌తో ఫోన్లో మాట్లాడొచ్చు. కింద ఇంకో ప్రశ్న ఉంది: తుపాకులు ఎందుకు దాస్తున్నాడో దాచే మనిషికి తెలుసా? అవును, కాదు. ఒకదాని పక్కన గీత పెట్టాలి.

ఆర్నీ కలం పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. "లోర్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. వెస్‌కి మీరు ఫోన్లు చెయ్యొద్దు. వాడికి తెలిస్తే మాతో వేటకొచ్చే నెడ్‌కి తెలుస్తుంది, నెడ్‌కి తెలిస్తే క్యాంపు మొత్తానికి తెలుస్తుంది. నేను గదిలోకి రాగానే అందరూ మాట ఆపేస్తారు. కత్తి అడిగితే కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు మిగిలింది ఆ క్యాంపొక్కటే. అదీ పోగొట్టమంటావా?"

"మరి ఆయనకి ఏం చెప్తారు బాబాయ్?"

"చెప్తాలే. నా తీరులో నేను చెప్తా. నామీద నమ్మకం లేదూ?"

ఏమంటుంది? నమ్మకం లేదని ఆ మొహం మీద ఎలా అంటుంది? ఈత నేర్పినవాడు, తండ్రి శవపేటిక మోసినవాడు. ఆర్నీ సంతకం లేకుండానే లోర్నా కాగితం వెనక్కి తీసుకుంది. 'అవును' పక్కన గీత పెట్టింది. ఆర్నీ ఆమె భుజం తట్టి వెళ్ళాడు.

ఆ ఆదివారం వెస్ ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఇనుప బీరువాలో మూడు తుపాకులూ కనిపించాయి. వెస్ అడక్కుండానే చెప్పాడు. "ఆర్నీవి. వెనక గది కారుతోందట, తుప్పు పడతాయని తెచ్చిపెట్టాడు. కప్పు నేనొచ్చి బాగుచేస్తానంటే వద్దంటే వద్దన్నాడు. ముసలోళ్ళకి మంకుపట్టు ఎక్కువే పిల్లా."

లోర్నా చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. ఆయన చెప్పలేదు. వెస్‌కి ఏమీ తెలీదు. నోటిదాకా వచ్చిన మాటని ఆమె మింగేసింది. చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, సంతకం లేదు, సంతకం లేకుండా రోగి సంగతి చెప్తే చదువు గంగలో కలుస్తుంది. ఇవన్నీ నిజాలే. కానీ ఆమె నోరు నొక్కింది చట్టమొక్కటే కాదు. బాబాయ్ పరువు. అయినా తుపాకులు ఇల్లు దాటాయి కదా, కావలసింది అదే కదా అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడం ఉంది చూశారూ, అదే కొంప ముంచేది.

"తుపాకులు వెళ్ళాయా?" అంది డెల్ఫీన్ సోమవారం, ఫైలు తిరగేస్తూ.

"వెళ్ళాయండీ. మా అన్నయ్య బీరువాలో నా కళ్ళతో చూశా."

"ఎందుకు దాచాడో ఆయనకి తెలుసుగా?"

"మా అన్నయ్య చాలా నమ్మకస్తుడండీ."

డెల్ఫీన్ తలెత్తి ఒకసారి చూసింది. బయట వరండాలో ఎనిమిదిమంది ఎదురుచూస్తున్నారు. తల దించి సంతకం పెట్టింది.

నవంబరు మూడున ఆర్నీ గడ్డం గీసుకుని వచ్చాడు. రెండు పౌన్ల బరువు పెరిగాడు. రాత్రిళ్ళు ఐదు గంటలు నిద్ర పడుతోందట, సౌనా ఒకసారి వెలిగించాడట. లోర్నాకి కళ్ళు చెమర్చాయి. ఇన్ని నెలల తర్వాత, తన ఎదురుగా, తను పాలుపంచుకున్న పనివల్ల ఒక మనిషి లేచి నిలబడ్డాడు! వార్డులో పదహారేళ్ళలో ఎన్నడూ ఇంత సంతోషం తెలీదామెకి.

"వచ్చే సోమవారం రండి," అంది డెల్ఫీన్.

"వచ్చే వారమా? కుదరదమ్మా. క్యాంపుకి కట్టెలు కొట్టాలి, పైకప్పు చూసుకోవాలి."

"వేట మొదలయ్యే ముందు వారం మా వాళ్ళెవరూ రారండీ," అని లోర్నా అందుకుంది. "ఆ వారం డెంటిస్టు కూడా షాపు మూసుకుంటాడు. పదిహేడున వేద్దాం. మధ్యలో నేను ఫోన్ చేస్తా. నలుగురితో కలిసి ఉండటం ఆయనకి మంచిదే కదా."

డెల్ఫీన్ కొంచెం నసిగింది. "మీ ఊరి సంగతులు నీకే తెలియాలి," అని చివరికి ఒప్పుకుంది. పదిహేడు, పది గంటలు అని కార్డు మీద రాసిచ్చారు. ఆర్నీ దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అవును, ఊరి సంగతులు లోర్నాకే తెలియాలి. నవంబరు పదిహేను అంటే ఏమిటో మా వైపు పాలుతాగే పిల్లని అడిగినా చెప్తుంది. ఆ రోజు తెల్లారేసరికి మగవాళ్ళందరూ, ఆడవాళ్ళలో సగం మంది నారింజరంగు కోట్లు తొడుక్కుని అడవిలో ఉంటారు. ఆ రోజు రైఫిల్ లేనివాడంటే మంచాన పడినవాడో జైల్లో ఉన్నవాడో. ఒకడి రైఫిల్ ఇంకొకడి దగ్గరుంటే, పద్నాలుగో తారీఖు సాయంత్రానికి అది వాడి చేతికి చేరాల్సిందే. ఇవ్వనని ఎవడూ అనడు. అనాలన్న ఊహే రాదు. ఇదంతా లోర్నాకి తెలుసు. తెలిసే, పదిహేడు అని నోటితో చెప్తున్నప్పుడు పదిహేను గుర్తుకొచ్చింది కూడా. క్యాంపు గుర్తొచ్చింది, పొయ్యి చుట్టూ నవ్వులు గుర్తొచ్చాయి. రైఫిల్ మాత్రం గుర్తుకి రాలేదు. వేట రోజున రైఫిల్ ఆమె కళ్ళకి తుపాకీ కాదు, వాన రోజున గొడుగులాంటిది. పరాయి ఊరి నర్సయితే ఈ తప్పు చేసి ఉండేది కాదు.

పన్నెండో తారీఖున ఫోన్ చేస్తే క్యాంపులోనే ఎత్తాడు. వెనక సుత్తి దెబ్బలు, ఎవరివో నవ్వులు. "బాగున్నానమ్మాయ్. మనసు తేలిగ్గా ఉంది," అన్నాడు. ఆమె ఆ మాటనే ఫైల్లో రాసుకుంది.

పదిహేను ఆ ఏడు శనివారం వచ్చింది. చీకటి విచ్చుతుండగానే అడవివైపునుంచి తుపాకుల మోత మొదలైంది. అక్కడొకటి, ఇక్కడొకటి, ఒక్కోసారి వరసగా మూడు. ఆ రోజు ఆ మోతకి ఎవరూ తలెత్తి చూడరు. లోర్నా వంటింటి బల్ల దగ్గర తన గంటల లెక్క కంప్యూటర్లో ఎక్కించుకుంటోంది. నాలుగు వందల పన్నెండు అయ్యాయి. మాంసం, బంగాళదుంపలు కూరిన పాస్టీలు పొయ్యిలో కాలుతున్నాయి.

పదిన్నరకి వెస్ ట్రక్కు వచ్చి ఆగింది. వెనక ఒక మగజింక పడి ఉంది. తలుపు తియ్యగానే ముందు సీటులోంచి ముస్తి దూకి, పరిగెత్తుకొచ్చి లోర్నా కాళ్ళకి చుట్టుకుంది.

"ఇదేంటన్నయ్యా, ముస్తి నీ దగ్గరుందేం?"

"ఆర్నీ ఇచ్చేశాడు." వెస్ చేతులు రుద్దుకుంటూ పొయ్యి దగ్గరికొచ్చాడు. "మోకాళ్ళు నొప్పులట, దీన్ని తిప్పలేనన్నాడు. నిన్న సాయంత్రం దాని గిన్నె, దుప్పటి, టీకాల కాగితాలతో సహా తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఏవీ, ఆ పాస్టీలు? ఆకలి చంపేస్తోంది."

"టీకాల కాగితాలు ఇచ్చాడా?"

"ఆఁ. ఏం?"

"అన్నయ్యా, ఆయన రైఫిల్ ఏది?"

"ఏదేమిటే? ఇచ్చా. పదిహేనో తారీఖు ఆయన రైఫిల్ ఆయనకివ్వకుండా నేనేం చేసుకుంటా? శుభ్రంగా తుడిచి, నూనె పెట్టి, ఐదు తూటాలు లెక్కపెట్టి మరీ చేతిలో పెట్టా. ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను కావలించుకున్నాడంటే నమ్ము. హిల్కా పిన్ని పోయాక అంత హుషారుగా నేను చూడలేదు. రాత్రి పేకాటలో మా అందర్నీ..."

"ఇవాళ పొద్దున చూశావా ఆయన్ని?"

"చూడ్డమేంటి, ఎవడి మంచె వాడిది. వినబడింది. వెలుగు రాగానే ఆయన వైపునుంచి ఒక్కటే దెబ్బ. ఆర్నీకి రెండోది ఎప్పుడు కావాల్సొచ్చింది? నెడ్‌తో అన్నా కూడా, కొట్టేశాడ్రా ముసలాయన అని. ఇద్దరం..."

వెస్ మాట మధ్యలో ఆగిపోయింది. చెల్లెలి మొహంలో రక్తం చుక్క లేదు.

ఆమె షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేసింది, డెల్ఫీన్‌కి చేసింది. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయింది. ట్రక్కులో పన్నెండు మైళ్ళూ వెస్ అడుగుతూనే ఉన్నాడు. "ఏమైందే? ఏం తెలుసు నీకు? చెప్పి చావవే!" "తొందరగా పోనీ," అని మాత్రమే అంది లోర్నా. అడవిలో అప్పటికీ తుపాకులు మోగుతూనే ఉన్నాయి.

మంచె దగ్గరికి ముందు వెస్ వెళ్ళాడు. పది అడుగుల దూరంలో ఆగి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి ఆమెని అడ్డుకున్నాడు. కానీ ఆమె నర్సు. చెయ్యి తోసుకుని వెళ్ళింది. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. వెలుగు వస్తుండగానే పోయాడు, ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది. టోపీ తీసి, మడిచి, బెంచీ మీద పక్కన పెట్టుకున్నాడు. వెస్ మంచులో మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనిచ్చానే! నా చేత్తో నేనే ఇచ్చానే!" అని అదే మాట, మళ్ళీ అదే మాట.

సోమవారం పది గంటలకి ఆర్నీ వంతు. ఆ గంట డెల్ఫీన్ ఇంకెవరికీ ఇవ్వలేదు. తలుపు మూసి, ఫైలు లోర్నా ముందు పెట్టింది.

"ఇక్కడ అవును అని గీత ఉంది."

"నేనే పెట్టానండీ."

"మీ అన్నయ్యకి తెలుసా?"

"తెలీదు. ఆయన చెప్తానన్నారు. చెప్పలేదని ఆ ఆదివారమే నాకు తెలిసింది. అయినా మీకు చెప్పలేదు."

డెల్ఫీన్ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "నేను ఒకటడిగితే నువ్వు ఇంకోటి చెప్పావు. ఆ రోజే నాకు తట్టింది. బయట ఎనిమిదిమంది ఉన్నారని వదిలేశా. కింద సంతకం నాది. జరిగింది జరిగినట్టు మీ కాలేజీకీ, లైసెన్సు వాళ్ళకీ ఇవాళే రాస్తున్నా. నీ పేరూ ఉంటుంది, నా పేరూ ఉంటుంది. ఏమంటారో నాకు తెలీదు."

"నేనీ పనికి పనికిరానండీ."

"అది నువ్వూ నేనూ ఇవాళ తేల్చేది కాదు. ఇంకో మాట. మీ అన్నయ్యకి ఏమీ చెప్పకూడదు. మనిషి పోయినా ఆయన ఇక్కడ చెప్పుకున్నది ఆయనదే. చట్టం అదే అంటుంది." ఆమె ఫైలు మూసింది. "చావు ముందు కూర్చున్న గంట కూడా గంటే. నీ ఆరు వందల లెక్కలో రాసుకో."

లోర్నా రాసుకోలేదు.

బుధవారం ఆర్నీని హిల్కా పక్కన పాతిపెట్టారు. గురువారం మధ్యాహ్నం వెస్ వచ్చాడు. ఆరు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. క్యాంపుకి తాళం వేసి వచ్చాడట, జింకని ఎవరికో ఇచ్చేశాడట. వెంట వచ్చిన ముస్తి బల్లకింద పడుకుంది. వెస్ జేబులోంచి ఒక కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు.

"షెరిఫ్ ఆఫీసు డిప్యూటీ నాకు ఆర్నీ వస్తువులిచ్చాడు. చొక్కా జేబులో ఇదుంది. పదిహేడు, పది గంటలు. మీ క్లినిక్కే కదే ఇది?"

లోర్నా కార్డుని బోర్లా తిప్పి పెట్టింది.

"రాత్రిళ్ళు నిద్ర లేదు నాకు," అన్నాడు వెస్. "ఐదు తూటాలు నేనే లెక్కపెట్టా. నవ్వుతూ ఇచ్చా. ఆయనకి ఏమైనా తేడాగా ఉందేమో, నేనే కనిపెట్టలేకపోయానేమో, నేను గుడ్డివాణ్ణేమో... చెప్పవే. ఎవరికైనా ముందు తెలుసా? ఎవరికీ తెలీదంటే తెలీదను, అదైనా నాకు చాలు."

తెలీదనొచ్చు. చట్టం కూడా అదే కోరుతోంది. ఎదురుగా అన్న కుమిలిపోతున్నాడు, ఒక్క అబద్ధంతో ఇద్దరూ బయటపడొచ్చు. కానీ నోరు మూసుకోవడంవల్ల ఏమవుతుందో లోర్నా మంచె దగ్గర చూసింది. ఈ భారం వెస్ మోయాల్సింది కాదు. లైసెన్సు పోతే పోనీ.

"నాకు తెలుసన్నయ్యా," అంది. "అక్టోబరు నుంచీ తెలుసు. కప్పు కారలేదు. తుపాకులు నీ దగ్గర పెట్టించింది మేమే. నీకు కారణం చెప్పొద్దని ఆయన బతిమాలాడు. నేను ఒప్పుకున్నా. నీ బీరువా ముందు నిలబడి, నువ్వు కప్పు సంగతి చెప్తుంటే విని కూడా ఊరుకున్నా. తప్పు నీది కాదు. నాది."

వెస్‌కి కోపమొస్తుందనుకుంది, అరుస్తాడనుకుంది, అందుకు సిద్ధంగా కూర్చుంది. ఆయన కార్డుని వేలితో బల్లమీద అటూ ఇటూ జరిపాడు.

"కారణం చెప్పకూడదు. సరే. చట్టం, ఆయన పరువు, ఒప్పుకుంటా," అన్నాడు. "కారణం ఎవడడిగాడే నిన్ను? అన్నయ్యా, ఆ రైఫిల్ ఇవ్వకు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదే. నువ్వు చెప్తే ఎందుకని కూడా అడిగేవాణ్ణి కాదు. ఆర్నీ వచ్చి కాళ్ళమీద పడ్డా ఇచ్చేవాణ్ణి కాదు. తుప్పు పట్టి రాలిపోయేదాకా నా బీరువాలోనే పడుండేది."

నిజమే. ఆ ఒక్క ముక్క చాలు. ఏ చట్టమూ అడ్డుకోని ముక్క, ఎవరి పరువూ తియ్యని ముక్క. అది అక్టోబరు ఇరవై నుంచి నవంబరు పద్నాలుగు దాకా ఒక్కనాడూ ఆమెకి తట్టలేదు.

వెస్ లేచి కోటు తొడుక్కున్నాడు, ముస్తిని పిలిచాడు. అది బల్లకిందనుంచి లేచి, ఒళ్ళు విదిలించుకుని ఆయన వెనకే వెళ్ళింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా లోర్నా గుమ్మంలోనే నిలబడింది. ఆ ఏడు క్రిస్మస్‌కి వెస్ చెల్లెలింటికి రాలేదు.